ఆరు గంటల ప్రింట్

తోటి గూఢచారి శ్రావణ్ శవం లిఫ్ట్ గుంటలో దొరికిన పదకొండో రోజున, నాంపల్లి స్టేషన్ చివరి ప్లాట్‌ఫారం బెంచీ మీద ఎల్లేష్‌కు అసైన్‌మెంట్ అందింది. ఇచ్చినవాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతని చీఫ్, సదాశివ. రైలు కోసం వచ్చిన పెద్దమనిషిలా ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, పట్టాల వైపే చూస్తూ మాట్లాడాడు.

“అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్ దాటాక ఒక కాంప్లెక్స్. నాలుగో అంతస్తులో ఆర్కిడ్ ఇంటర్‌ఫేసెస్ అని బోర్డు. డ్యాముల కంట్రోల్ రూములకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. నడిపేది లెనార్డ్ అనే విదేశీయుడు. మల్లెవాగు ప్రాజెక్టు కాంట్రాక్టు వాళ్ళదే.”

“శ్రావణ్ ఆడనే పనిచేసిండా సార్?”

“ఆ. చచ్చేముందు ఒకే మెసేజ్ పంపాడు. ‘టూల్‌బార్ చూడండి.’ అంతే.”

మెనూలు, టూల్‌బార్లు రాయడానికి ఆర్కిడ్ వాళ్ళకు మళ్ళీ మనిషి కావాలి. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు ఎల్లేష్ నాలుగేళ్ళు చేసింది ఆ పనే.

“నీ పేరు రవిచంద్ర. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. ‘టూల్‌బార్ పైనా, పక్కనా?’ అని అడుగుతుంది. ‘యాడున్నా సరే, కదలొద్దు’ అను. ఇవి పెట్టుకో.” సదాశివ కళ్ళద్దాలు అందించాడు. “కుడి కాడలో రేడియో. నొక్కితే వస్తాను.”

మర్నాడే ఎల్లేష్ పనిలో చేరాడు. కోడ్ మాట అడిగిన మనిషి పేరు అనురాధ. ప్రాజెక్ట్ మేనేజర్. నల్లంచు బూడిదరంగు చీర, భుజం దాటని జుట్టు. ఆమె నడిచొస్తుంటే ప్రోగ్రామర్లు కీబోర్డు మరిచిపోయేవారు. ఎల్లేష్ కూడా ఒకటి రెండుసార్లు మరిచిపోయాడు.

అతనికిచ్చిన గది వెనకవైపుది. కిటికీ ఉంది కానీ, దానికి అడ్డంగా చీరల షాపు హోర్డింగు. తెరిస్తే ఇనుప ఫ్రేము, ఫ్లెక్సీ వీపు తప్ప ఏమీ కనిపించదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఐదు దాటాక అసలు సంగతి బయటపడింది.

మెనూలో ‘ప్రింట్’ అన్న మాట, టూల్‌బార్ మీద ప్రింటర్ బొమ్మ, చూడ్డానికి రెండు. లోపల మాత్రం ఒకే కమాండ్‌కు పెట్టిన రెండు తలుపులు. ఆ కమాండ్ ఎక్కడికి పోతోందో ఎల్లేష్ కోడ్ వెంటబడి చూశాడు. అన్ని రోజులూ ప్రింటర్‌కే పోతోంది. ఈ ఒక్కరోజు, ఐదున్నర దాటాక మాత్రం మల్లెవాగు గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తుంది. ఆపరేటర్ రోజూ ఆరు గంటలకు నీటిమట్టం రిపోర్టు ప్రింట్ తీస్తాడు. వారం నుంచి వానలు. ప్రాజెక్టు అంచుదాకా నిండి ఉంది. దాని కింద పదిహేడు ఊళ్ళు.

అతను గబగబా అనురాధకు చెప్పాడు. ఆమె స్క్రీన్ వంక చూసింది. ముఖంలో రంగు పోయింది.

“ఐదు నిమిషాలు కూర్చోండి. వస్తాను.”

వచ్చింది, వెనక లెనార్డ్‌తో. లెనార్డ్ చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

“గుడ్ వర్క్, మిస్టర్ ఎల్లేష్,” అన్నాడతను ఇంగ్లీషులో.

అసలు పేరు వినగానే ఎల్లేష్ కళ్ళద్దాల కాడ నొక్కాడు. లెనార్డ్ నవ్వి, జేబులోంచి రేడియోను పనిచేయనివ్వని చిన్న జామర్ తీసి చూపించి, గుమ్మం బయట పెట్టాడు. తర్వాత కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న యూఎస్‌బీ కీ లాగేసుకున్నాడు. ఆ కీతో సంతకం పడనిదే డ్యాములోని కోడ్‌లో ఒక్క అక్షరం మారదు.

“నెట్ తీసేశాను. కంట్రోల్ రూమ్ లైన్ మాత్రం ఉంచుతున్నాను. గేట్లు ఇక్కడి నుంచే తెరిచినట్టు పోలీసులకు కనిపించాలి కదా. దొంగ పేరుతో చేరిన ప్రోగ్రామర్, రెండువైపులా ఆడిన ఆడది. ఇంతకంటే మంచి నేరస్థులు నాకు దొరకరు.”

“లెనార్డ్! నన్ను కూడా ఫ్లైట్‌కు...” అనురాధ ముందుకు అడుగేసింది. అతను ఆమెను లోపలికే తోసి, ఇద్దరి ఫోన్లూ లాక్కున్నాడు. ఉక్కు తలుపు మూసుకుంది. తాళం టక్కుమంది.

టైం ఐదూ ఇరవై.

ఎల్లేష్ తలుపును తన్నాడు. కుర్చీతో బాదాడు. కిటికీ తెరిచి ఫ్లెక్సీ వీపుకు నోరు ఆనించి అరిచాడు. కింద వాన, బస్సుల హారన్లు. ఆ రొదలో అతని కేక అతనికే వినిపించలేదు. గొంతు జీరబోయేదాకా అరిచి వెనక్కి తిరిగితే, అనురాధ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

“శ్రావణ్‌ని గూడ నువ్వే పట్టిచ్చినవా?”

ఆమె తల ఊపింది.

“ఎందుకు?”

“ఈ దొంగ బతుకులోంచి బయటికి తీసుకొస్తామని మీ డిపార్ట్‌మెంట్ మూడేళ్ళుగా చెబుతూనే ఉంది. లెనార్డ్ తేదీ చెప్పాడు. ప్రింట్ వెనక ఏముందో నాకు తెలీదు. ఏదో సమాచారం దొంగిలిస్తున్నారనుకున్నాను. ఒట్టు.”

ఎల్లేష్ కోపంగా ఆమె మీదకు అడుగేశాడు. కానీ గోడ గడియారం ఐదూ ముప్ఫై మూడు చూపిస్తోంది. కోపానికి టైం లేదు. కుర్చీ సరిచేసుకుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. కోడ్ తెరిచాడు. కీ అడిగింది. ఇంకో ఫైలు తెరిచాడు. కీ అడిగింది. చెమట కళ్ళల్లోకి దిగింది. ఏ ఫైలు ముట్టుకున్నా కీ అడుగుతూనే ఉంది.

ఒక్కటి తప్ప.

“మేడం, గిటు రా! మెనూల పేర్లు, టూల్‌బార్ బొమ్మలు వేరే ఫైల్ల ఉంటయ్. సోకు ఫైలని దీన్ని ఎవ్వడూ పట్టించుకోలే. దీనికి తాళం లేదు!”

ఆ ఫైలు కొత్తది వచ్చిందా అని కంట్రోల్ రూమ్ కంప్యూటర్ ఐదు నిమిషాలకోసారి చూసుకుంటుంది. ప్రింట్ ఏం చేస్తుందో ఎల్లేష్ మార్చలేడు. ప్రింట్ కనపడకుండా మాత్రం చేయగలడు. టూల్‌బార్ మీది బొమ్మ తీసేశాడు. మెనూలో మాట తీసేశాడు. పైవరుసలో ఫైల్, ఎడిట్, వ్యూ అన్న పేర్లు కొట్టేసి, వాటి చోట వరుసగా రాశాడు: ప్రింట్ వద్దు. గేట్లు లేస్తయి. గీ నంబరుకు ఫోన్ చెయ్యి. చివర సదాశివ నంబరు. అక్కడి పాత కంప్యూటర్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా పడతాయన్న భయంతో అంతా ఇంగ్లీషు లిపిలోనే కొట్టాడు.

ఐదూ యాభై ఐదుకు స్క్రీన్ మూలన ఒక వరుస పడింది. *లేఅవుట్ మారింది.*

ఎల్లేష్ ఊపిరి వదిలాడు. అక్కడ ఎవరు ఏ మీట నొక్కినా ఈ మూలనే తెలుస్తుంది. ఇద్దరూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

“మెనూ చూస్తాడంటారా?” అంది అనురాధ. “కిందటి నెల ట్రైనింగ్ ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడి ఆపరేటర్ బీరయ్య గారని, పెద్దాయన. వస్తుంటే సంచినిండా జామకాయలు పెట్టి పంపాడు.” ఉన్నట్టుండి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఎల్లేష్ గారూ! ఆయన మౌస్ ముట్టుకోడు. కంట్రోల్ నొక్కి పి కొడతాడు. తలెత్తి స్క్రీన్ కూడా చూడడు!”

మూడో తలుపు. కీబోర్డు షార్ట్‌కట్.

రెండు తలుపులు మూసి మూడోది బార్లా వదిలేశాడు. ఐదూ యాభై ఏడు. ఎల్లేష్ వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. షార్ట్‌కట్ల పట్టిక ఎక్కడుందో దొరకలేదు. పైకి పోయాడు, కిందికి వచ్చాడు.

“అదిగో, ఎడమవైపు!” అంది అనురాధ.

ప్రింట్ ఎదురుగా ఉన్న కంట్రోల్-పి చెరిపేశాడు. సేవ్. పంపు. ఐదూ యాభై తొమ్మిది. వాళ్ళ చేతుల్లో ఇంకేమీ లేదు. కంట్రోల్ రూమ్ మళ్ళీ చూసుకునేది సరిగ్గా ఆరుకు. బీరయ్య గడియారం ఒక్క క్షణం ముందుంటే పదిహేడు ఊళ్ళు లేవు.

*18:00:00. లేఅవుట్ మారింది.*

*18:00:02. కంట్రోల్-పి. కమాండ్ లేదు.*

*18:00:04. కంట్రోల్-పి. కమాండ్ లేదు.*

*18:00:05. కంట్రోల్-పి. కమాండ్ లేదు.*

అనురాధ అలాగే నేల మీదకు జారి, మోకాళ్ళలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఎల్లేష్ ఆమెను ఓదార్చలేదు. బాటిల్‌లో మిగిలిన నీళ్ళు మాత్రం ఆమె పక్కన పెట్టాడు.

మెనూలోని నంబరు చూసి బీరయ్య ఫోన్ చేయడంతో, ఆరూ నలభైకి ఉక్కు తలుపు కోసుకుని సదాశివ లోపలికొచ్చాడు. అనురాధ అడగకముందే లేచి, లెనార్డ్ కారు నంబరు చెప్పింది. ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన ఆ కారు వానకు కోఠి బస్‌స్టాపుల దగ్గరే ఇరుక్కుని ఉంది. పట్టుకోవడానికి సదాశివ మనుషులు పరిగెత్తాల్సిన పని కూడా పడలేదు.

ఆమె రెండు చేతులూ చాపింది. బేడీలు పడ్డాయి.

“శ్రావణ్ సంగతి రాస్త,” అన్నాడు ఎల్లేష్ ఆమెతో. “మూడో తలుపు సంగతి గూడ రాస్త. రెండూ రాస్త.”

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

సదాశివ ఫోన్ మోగింది. విని, నవ్వు ఆపుకుంటూ ఎల్లేష్‌కు అందించాడు. అవతల బీరయ్య అగ్గిమీద గుగ్గిలమవుతున్నాడు.

“గీ మెనూ ఆగం జేసినోడివి నువ్వేనా బిడ్డా? ఫైల్ యాడ వోయింది? ప్రింట్ యాడ వోయింది? ఇంజినీరు సారుకు నేను రిపోర్టు ఎట్ల పంపాలె?”

“ఇయ్యాల్టికి చేతితోని రాసి పంపు పెద్దయ్యా.”

అవతల కీబోర్డు పక్కకు నెట్టిన చప్పుడు.

“గా ముక్కేదో ముందుగాల్నే చెప్తే, మూడేండ్ల సంది గీ కంప్యూటర్‌తోని నాకీ తిప్పలుండకపోవు గదా!”