అద్దంలో వెనక సీటు

"ఛాంపియన్ గారూ, వెనక లారీ వస్తోంది. చూశారా?"

"లేదండీ."

"మరి ఆ అద్దాలు అందానికి పెట్టారనుకున్నారా?"

బైకు రేసుల్లో ఏళ్ల తరబడి కప్పులు కొట్టిన మనిషి హడావిడిగా బండి పక్కకి తీశాడు. రేసు బండికి అద్దాలుండవు, వెనక సీటూ ఉండదు. మోకాలు విరిగి రిటైరయ్యాక తెలిసొచ్చింది, తనకి రోడ్డు మీద బండి నడిపే లైసెన్సే లేదని! ట్రాక్ దిగి రోడ్డెక్కింది ఎప్పుడు గనక?

అలా ఈ డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. నేర్పేది ఓనరు గారమ్మాయి. వెనక కూర్చుని, తప్పు చేసినప్పుడల్లా హెల్మెట్ మీద ఠపీమని కొడుతుంది.

"రేసుల్లో కూడా ఇన్ని దెబ్బలు తినలేదండీ."

"అందుకే ఇలా తయారయ్యారు!"

అద్దం చూడనందుకే మొదటిసారి టెస్టు పోయింది.

"ఈసారైనా పాసవండి బాబూ, మా స్కూలు పరువు పోతోంది."

"పాసైతే?"

"ఇంక నాతో మీకు పనేముంది?" అని నవ్వేసింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఒకటే అద్దం చూడటం. తన పాఠం తలకెక్కిందని ఆమె మురిసిపోయింది.

టెస్టు రోజు సన్నగా తుంపర పడుతోంది. టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టర్ ముందు సీటెక్కి కూర్చుని అద్దంలోకి చూశాడు.

"ఏమయ్యా, ఇందులో రోడ్డేదీ? వెనక సీటు తప్ప ఏమీ కనబడదే! వచ్చే వారం రా, పో."

పక్కనే నిలబడ్డ ఆమె ఫక్కున నవ్వబోయి ఆగిపోయింది. ఆ సీటులో రోజూ కూర్చునేది ఎవరో అప్పుడు తట్టింది. చెవులు వేడెక్కాయి.

"అంటే, ఇన్నాళ్లూ మీరు చూసింది..."

"మిమ్మల్నేనండీ. మీరంటే నాకిష్టం. పాసైతే మీరు దిగి వెళ్లిపోతారుగా, ఉన్నన్నాళ్లూ చూసుకుందామని."

"మళ్లీ ఎందుకు తప్పారని నాన్న అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"నేనే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

"అమ్మో! ధైర్యమే!" తడిసిన అద్దాన్ని చున్నీతో తుడిచి, రోడ్డు వైపుకి తిప్పి, వెనక ఎక్కి కూర్చుంది. "నేనెక్కడికీ దిగిపోను లెండి. ముందు రోడ్డు చూడండి."

అతను అద్దంలోకి చూశాడు.

"వెనక లారీ వస్తోందండీ."

"హమ్మయ్య, ఇప్పటికి కనబడింది," అంటూ మొదటిసారి అతని భుజం మీద చెయ్యి వేసింది.