వసపిట్ట ఇచ్చిన టిప్పు

మధ్యాహ్నం భోజనాల వేళ. హోటల్ కింది అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర వసపిట్ట ఒక్కతే కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీకి నాన్న కోటు వేలాడుతోంది. ఫోన్ మోగగానే "రెండు నిమిషాలమ్మా" అని నాన్న వరండాలోకి వెళ్లాడు. నాన్న రెండు నిమిషాలంటే ఎంతసేపో ఆ పిల్లకు బాగా తెలుసు.

పదేళ్ల పిల్లకు ఆ పేరు పెట్టింది అమ్మ. లేచింది మొదలు నోటికి తాళం వేయకుండా కబుర్లు చెబుతుందని. ఈ పరాయి దేశంలో ఆ కబుర్లు వినేవాళ్లే లేరు. ఆఖరి క్షణంలో సెలవు దొరక్క అమ్మ రాలేకపోయింది. ఇక్కడ వీళ్లు లేచేసరికి అక్కడ ఆమె ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటోంది. నాన్న ఆఫీసు పని మాత్రం ఆయనతో పాటే విమానం ఎక్కి వచ్చింది.

వచ్చిన రోజే నాన్న టిప్పు సంగతి చెప్పాడు. ఇక్కడ సామాను మోసినవాళ్లకూ, వడ్డించినవాళ్లకూ బిల్లు కాక కొంత విడిగా ఇవ్వడం అలవాటట. ఆ పని తానే చేస్తానని వసపిట్ట పట్టుబట్టింది. సామాను తెచ్చిన తాతకు ఇస్తే, ఆయన నవ్వి ఏ క్లాసని అడిగాడు. టాక్సీ డ్రైవరు ఊరు నచ్చిందా అన్నాడు. ఇదేదో బాగుందనిపించింది ఆ పిల్లకు. చేతిలో నోటు ఉంటే మనుషులు ఆగుతారు, నవ్వుతారు, రెండు మాటలు మాట్లాడతారు.

అందరిలోకీ ఈ భోజనాల గదిలో వడ్డించే అక్క నవ్వు బాగా నచ్చింది. నవ్వితే ఒక్క బుగ్గే సొట్ట పడుతుంది.

అక్క ప్లేట్లు తీయడానికి వచ్చింది. వసపిట్ట నోటు చాచింది. అక్క అందుకుంది గానీ, వసపిట్ట రెండో కొస వదల్లేదు. వచ్చీరాని ఇంగ్లీషులో తమ పిల్లి గురించి మొదలుపెట్టింది. అది బీరువా మీద నిద్రపోతుందనీ, పాలకంటే పెరుగే ఇష్టమనీ చెప్పుకుపోయింది. అక్క నవ్వుతూ తలూపింది.

గది చివర ఒకాయన చెయ్యెత్తి పిలిచాడు. ఇంకో బల్ల దగ్గర చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వేడి చేయమని వాళ్లమ్మ ఇచ్చిన పాలసీసా అక్క ట్రేలోనే ఉంది.

"ఇప్పుడే వస్తాను పాపా," అంది అక్క.

"ఇంకొక్కటి. ఇది విని వెళ్లు," అంది వసపిట్ట, నోటు ఇంకా గట్టిగా పట్టుకుని.

అంతలో మేనేజరు వచ్చాడు. అక్క చెవి దగ్గర తగ్గు గొంతుతో ఏదో అన్నాడు. ఏమన్నాడో అర్థం కాలేదు గానీ, అక్క ముఖంలో నవ్వు ఆరిపోయింది. నోటు వదిలేసి, సీసా తీసుకుని వంటగదిలోకి పరుగెత్తింది.

వసపిట్ట నోటు పట్టుకుని వెనకే వెళ్లింది. వంటగది తలుపుకు గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి చూసింది. పాలు వేడెక్కేలోపు అక్క గోడకు ఆనుకుని, ఒక బూటు విప్పి మడమ నొక్కుకుంటోంది. చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ బూటు తొడుక్కుంది. సీసా అందుకుని తలుపు వైపు తిరిగి, తోసే ముందు ఆ సొట్టబుగ్గ నవ్వు తెచ్చిపెట్టుకుంది.

వసపిట్ట చటుక్కున పక్కకు తప్పుకుంది. చేతిలోని నోటు మడిచి జేబులో పెట్టుకుంది.

సాయంత్రం గదిలో నాన్న లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"నాన్నా, టిప్పు ఇస్తే వాళ్లు మనతో మాట్లాడాలా?"

"అక్కర్లేదమ్మా. వాళ్ల పని వాళ్లు చేసేశారుగా, అందుకే ఇస్తాం," అన్నాడు నాన్న, తల తిప్పకుండానే.

మర్నాడు భోజనం అయ్యాక వసపిట్ట అక్క కోసం ఎదురుచూడలేదు. ఆమె దూరంగా ఇంకెవరికో వడ్డిస్తుండగా నిన్నటి నోటూ, ఇవాళ్టి నోటూ ప్లేటు కింద పెట్టి లేచింది. గది గుమ్మంలో అక్క ఎదురైంది, రెండు చేతులా పళ్లేలతో. పిల్లి కబురు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, దారి వదిలి, "నిన్నటికి సారీ అక్కా," అంది. అక్క ఒక్కసారి తలూపి, ఆగకుండా వెళ్లిపోయింది.

వరండాలో నాన్న ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. వసపిట్ట వెళ్లి ఎదురుగా నిలబడింది. ఆయన చూపుడువేలు ఎత్తి ఆగమన్నాడు. ఆ పిల్ల ఆ వేలు పట్టుకుంది.

"నాతో మాట్లాడు నాన్నా. నాకిక్కడ ఎవరూ లేరు."

నాన్న నడక ఆగింది. తర్వాత చేస్తానని ఫోన్‌లో చెప్పి, దాన్ని జేబులో వేసుకున్నాడు. మెట్టు మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు.

వసపిట్ట కూర్చుంది. సొట్టబుగ్గ అక్కను నోటు వదలకుండా ఆపేసిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నాన్న తొందరపెట్టలేదు.