బోర్డు మీద ఖాళీగా ఉన్న ఏడో గది

ఆ జైల్లో ఏడో నంబరు ఒంటరి గదికి చెడ్డపేరుంది. ఎప్పుడో అందులో ఒక ఖైదీ చచ్చిపోయాడట. అరగంటకోసారి తలుపు కన్నంలోంచి చూసి రాయాల్సిన కాగితంలో మాత్రం, పోయాక కూడా రెండు రోజులపాటు ‘ప్రశాంతంగా నిద్రపోతున్నాడు’ అనే ఉందట. అంత శ్రద్ధగా కాపలా కాశారు మరి! అప్పట్నించీ రాత్రిళ్లు ఆ తలుపు లోపల్నించి ఎవరో తడతారని చెప్పుకునేవారు.

కొత్తగా చేరిన వార్డరు మొదటి రాత్రే విన్నాడు.

టక్... టక్... టక్.

పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి, బల్ల దగ్గర కునికిపాట్లు పడుతున్న హెడ్ వార్డరును లేపాడు.

“ఏడో గదేనా?” ఆయన కళ్లు తెరవకుండానే గొణిగాడు. “బోర్డు చూడు.”

గోడమీద నల్లబోర్డు. గదుల నంబర్లు, వాటికెదురుగా ఖైదీల నంబర్లు. ఏడుకి ఎదురుగా — ఖాళీ.

“నిన్న తనిఖీ కమిటీవాళ్లే అటు పోలేదు. దెయ్యముందని జైలరుగారు చెప్పగానే, పాపం, చదువుకున్నవాళ్లు కదా... అర్థం చేసుకున్నారు. టీ తాగి, ‘అంతా పారదర్శకం’ అని రాసి వెళ్లారు. నువ్వూ రాత్రంతటికీ సంతకాలు ఇప్పుడే పెట్టేసి పడుకో.”

రెండో రాత్రీ చప్పుడు వచ్చింది. కానీ... కాస్త మెల్లగా.

మూడో రాత్రి భోజనాల బండి ఆలస్యంగా వచ్చింది. బోర్డు చూసి, మనిషి ఉన్న గదికల్లా ఒక కంచం తోయడం బండివాడి పని. ఏడో గది దాటుతుండగా — టక్... టక్... అంతే. బండి ముందుకు సాగాక చప్పుడు ఆగిపోయింది.

వార్డరు ఆ తలుపు వైపు తిరిగాడు. దెయ్యానికి అన్నం వేళతో ఏం పని? పైగా, రోజురోజుకీ నీరసపడిపోయే దెయ్యం ఎక్కడైనా ఉంటుందా?

తాళంచెవి తీశాడు.

“ఒరేయ్, ఆగు!” హెడ్ వార్డరు ఆ మూడు రాత్రుల్లో మొదటిసారి నిజంగా మేలుకున్నాడు. ముఖం పాలిపోయింది. “కమిటీ వస్తోందని అందర్నీ ఆ పూటకి పెద్ద హాల్లోకి మార్చాం. వీడొక్కడే జ్వరంతో కదల్లేకపోయాడు. బోర్డు మీంచి నంబరు తుడిచేశాం. మళ్లీ రాశామో... లేదో...”

“అంటే లోపల మనిషున్నాడా?”

“మెల్లగా! ఇప్పుడు తీస్తే ఆ రిపోర్టు ఏం కావాలి? నీ ఉద్యోగం, నా ఉద్యోగం ఏం కావాలి? పొద్దున్నే జైలరుగారి అనుమతి తీసుకుని...”

వార్డరు తలుపు తీశాడు.

కుళాయి పక్కన, గోడకానుకుని ఒక మనిషి. పెదవులు పగిలిపోయాయి. నాలుగు రోజులుగా నీళ్లే అతనికి భోజనం. వార్డరుకి కళ్లనీళ్లు ఆగలేదు.

“తమ్ముడూ, లేవకు. అన్నం తెస్తాను... ఇదిగో, ఇప్పుడే తెస్తాను.”

అతను అన్నం మాటే ఎత్తలేదు. వార్డరు చొక్కా పట్టుకుని, భయంభయంగా అడిగాడు —

“అన్నా... నేను మీకు కనిపిస్తున్నానా?”