ఎర్రచుక్క

రెండు వేల డెబ్బై ఒకటి నాటికి కాకినాడలోని ఓ కాలేజీ రీడింగ్ హాల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలందరి ముఖాల మీదా ఒకటే రకం కళ్ళజోడు. పేరు అక్షరతోడు. అది చూపుజాడను కనిపెట్టుకుని ఉంటుంది. కన్ను ఎక్కడ తడబడితే అక్కడ అక్షరాలను కాస్త ఎడంగా జరిపి, పక్క వరుసలను మసకబారుస్తుంది. అప్పటికీ చదవలేకపోతే ఫ్రేము అంచున ఎర్రచుక్క వెలుగుతుంది. ఇక్కడ యంత్రం చాలదు, పక్కన మనిషి కావాలని దానర్థం.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి, తనూ డిస్లెక్సియాతోనే పెరిగిన మనిషి, ఆరోజు సంతకం చేయడానికి వచ్చింది. ప్రయోగంలో నలభై మందికి నలభై మందీ చదివారు కాబట్టి, పరీక్షల్లో ప్రశ్నలు చదివిపెట్టే మనుషులనూ అదనపు గంటనూ యూనివర్సిటీ రద్దు చేయబోతోంది. ప్రిన్సిపాల్ వేంకటరత్నం, ఆ ఫలితం నిజమని ధ్రువీకరించే కాగితం ఆమె ముందు పెట్టి, పిల్లలను పలకరించడానికి వెళ్ళాడు.

అంతలో ఫైనలియర్ చదివే లోవకుమారి వచ్చి నిలబడింది. ఆ నలభై మందిలో ఆఖరి అమ్మాయి.

"మేడమ్ గారూ, మూడేళ్ళయింది, చెప్పలేకపోయానండి. ప్రయోగం రోజున నేను చదవలేదండి. మా రూమ్మేటు చదువుతుంటే విని బట్టీ పట్టానండి. అంత కష్టపడ్డారు కదా, నా ఒక్కదాని వల్ల మీది పాడైపోకూడదనుకున్నాను. వచ్చే వారం పరీక్షలండి. చదివిపెట్టే మనిషి లేకపోతే నేను పాసవను. నన్ను క్షమించండి."

హైమవతికి తల కొట్టేసినట్టయింది. ఆ సంగతి ఆమెకు ఆరోజే తెలుసు. కాగితం సగం వాక్యంలో అయిపోయినా ఈ పిల్ల తిప్పకుండానే తర్వాతి పేజీ అప్పజెప్పేసింది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. హైమవతి చూసీ చూడనట్టు ఊరుకుని, బాగా చదివావమ్మా అని వీపు తట్టింది. మర్నాడే చుక్కను ఆర్పేసే చిన్న మీట ఒకటి ఫ్రేముకు పెట్టించింది. తను చేసిన తప్పుకు ఈ పిల్ల క్షమాపణ చెప్పుకుంటోంది.

లోవకుమారిని కూర్చోమని, కళ్ళజోళ్ళన్నిటినీ కనిపెట్టుకుని ఉండే తన చేతిలోని కంట్రోల్ పలకను ప్రశ్న అడిగింది. ఈ హాల్లో ఇప్పుడు ఎన్ని చుక్కలు వెలగాలి?

"ఇరవై మూడు," అంది యంత్రం. "ఒక్కటీ వెలగడం లేదు. మీటలు ఆపి ఉన్నాయి."

"కాలేజీ వాళ్ళు ఆపించారా?"

"లేదు. ఎవరిది వాళ్ళే ఆపుకున్నారు."

హైమవతి తలెత్తి చూసింది. అరవై మంది బుద్ధిగా తలలు వంచుకుని పేజీలు తిప్పుతున్నారు. ఎవరు చదువుతున్నారో, ఎవరు నటిస్తున్నారో ఆమెకే తెలియలేదు. ఇంతమంది సిగ్గు దాచుకోవడానికి ఆ మీట చేసిపెట్టింది తనే.

ప్రిన్సిపాల్ తిరిగొచ్చి పెన్ను అందించాడు. ఆమె తన అక్షరతోడు పెట్టుకుని, చుక్క వెలిగేలా మీట వేసి, కాగితం మీదికి వంగింది. 'నలభైకి నలభై' అన్న వరుస దగ్గర చూపు నిలవలేదు. రెండుసార్లు జారిపోయింది. కణత పక్కన ఎర్రచుక్క వెలిగింది.

ఎవరూ చెప్పకుండానే ఆమె చెయ్యి లేచి దాన్ని కప్పేసింది.

ఎదుట కూర్చున్న లోవకుమారి అది చూసి, చూడనట్టు తల దించుకుంది. మూడేళ్ళ కిందట హైమవతి చేసిందీ అదే. ఆమె మెల్లగా చెయ్యి తీసేసింది.

"నలభై కాదండీ, ముప్పై తొమ్మిది," అంది ప్రిన్సిపాల్‌తో. "నాకు ఆరోజే తెలుసు."