పదమూడో ఛానెల్

“ఈ సాయంత్రం భానుప్రియ ప్రాణం పోవచ్చు,” అంది సత్యవేణి, టీ కప్పు కింద పెడుతూ. “పోకూడదు. అదే నీ అసైన్‌మెంట్.”

ఏజెంట్ సూరి నిటారుగా కూర్చున్నాడు.

మెట్టుగూడలో ఆ గది బయట ‘జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్. అడ్మిషన్స్ క్లోజ్డ్’ అని బోర్డు ఉంటుంది. 2007లో సికింద్రాబాద్‌లో ఓ సీక్రెట్ సర్వీసుకి కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌ని మించిన ముసుగు లేదు. చిక్కల్లా ఒక్కటే. అడ్మిషన్లు లేవన్నకొద్దీ ఇక్కడేదో గొప్పగా చెబుతారనుకుని జనం సర్టిఫికెట్లు పట్టుకుని ఎగబడుతున్నారు. సెక్షన్ చీఫ్ సత్యవేణి ఇప్పటికే ఒక బ్యాచ్‌కి జావా నేర్పాల్సి వచ్చింది.

“కార్ఖానాలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డు పెట్టుకున్న విల్లా. లోపల విదేశీ ముఠా. మన రాడార్ చిప్ డిజైన్ వాళ్ళ చేతికి చిక్కింది. మన భానుప్రియ వాళ్ళ మనిషినని వాళ్ళని నమ్మించింది. ఈరోజు అసలు డిజైన్ తీసేసి నకిలీది పెడుతుంది.”

“మరి ప్రమాదం?”

“కొనేవాడు దుబాయ్ నుంచి వస్తున్నాడు. కోడ్ నేమ్ ఫాల్కన్. ఢిల్లీలో ఆమెను నా పక్కన చూశాడు. మళ్ళీ చూస్తే గుర్తుపడతాడు. అతను పెరేడ్ గ్రౌండ్స్ దాటగానే నీకు ఫోన్ వస్తుంది. వెంటనే ఆమెను బయటికి రప్పించు.”

ఆ విల్లాలో ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు. ఆమె ముందు ముఠా ఇచ్చిన లాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది. అయితే ఏ లాప్‌టాప్‌లోనైనా చుట్టుపక్కల వైఫై నెట్‌వర్క్‌ల పేర్లు కనిపిస్తాయి కదా. ఎదురింటి రూటర్ ‘దేవకృప హోమ్’ అని చూపిస్తే పని కానివ్వమని అర్థం. ‘దేవకృప ట్యూషన్స్’ అని మారితే పారిపొమ్మని అర్థం. ఎవరూ దేనికీ కనెక్ట్ అవ్వక్కర్లేదు. చూస్తే చాలు.

“ఐడియా ఎవరిది?” అన్నాడు సూరి, జవాబు తెలిసి కూడా.

“ఇంకెవరిది? నతానియేల్‌ది. బంగారం లాంటి కుర్రాడు.”

సూరికి ఈర్ష్య భగ్గుమంది. సర్వీసులో చేరి పదేళ్ళయినా అతన్ని వెండి అన్నవాళ్ళు కూడా లేరు.

బంగారం లాంటి కుర్రాడు అప్పుడే లోపలికి వచ్చాడు. టెక్నికల్ వింగ్, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు, చేతిలో సీడీ.

“అన్నా, రూటర్‌ల పాత ఫర్మ్‌వేర్, గదే, దాన్ని నడిపే ప్రోగ్రాం, ఊకె హ్యాంగ్ అయితుంది. నేను కొత్తది రాసిన. ఇది ఎక్కియ్యి. కానీ జెర యాద్ పెట్టుకో. పాత సెట్టింగ్స్ ఫైలు మళ్ళ లోడ్ చెయ్యొద్దు, అన్నీ చేత్తోనే టైప్ చెయ్యాలె. ఛానెల్ ఆరే పెట్టు. ఇంకోటి వద్దు.”

“నాకు చెప్పక్కర్లేదు తమ్ముడూ.”

నిజానికి సూరి మండిపడుతున్నది సీడీ మీద కాదు. పోయిన వారం క్లాక్ టవర్ దగ్గర ఇరానీ హోటల్లో భానుప్రియ, నతానియేల్ ఎదురెదురుగా కూర్చున్నారు. ముఠాను వెంటాడమని ఇచ్చిన దొంగగడ్డం పెట్టుకుని సూరి వెనక టేబుల్లో కూర్చున్నాడు. మాటలు వినపడలేదు. నతానియేల్ ఏదో అడిగాడు, భానుప్రియ నవ్వింది. మొహం ఎర్రబడేలా నవ్వింది. రెండేళ్ళుగా ఆమెతో కలిసి పనిచేస్తున్న సూరికి ఆ నవ్వు ఒక్కసారి కూడా దక్కలేదు. ఆ పూట చాయ్ అతనికి చేదుగా దిగింది.

కార్ఖానాలో విల్లాకి ఎదురుగా దేవకృప టీచరమ్మ ఇల్లు. పై పోర్షన్‌లో సూరి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’గా అద్దెకుంటున్నాడు. రోడ్డు మధ్యలో మన కమాండోలు కేబుల్ కూలీల వేషంలో పొడుగాటి గుంత తవ్వుతున్నారు. సికింద్రాబాద్‌లో రోడ్డు తవ్వుతుంటే ఎందుకని అడిగే నాథుడు లేడు.

సూరి దొంగమీసం సర్దుకుని కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. వైఫై సిగ్నల్ నడిచే ఛానెళ్ళ లిస్టు చూశాడు. వీధిలోని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ రూటర్లన్నీ ఆరు మీదే కిక్కిరిసి ఉన్నాయి. పదమూడు మాత్రం నిర్మానుష్యంగా ఉంది.

‘ఇంత చిన్న సంగతి ఆ బంగారానికి తట్టలేదు,’ అనుకుని పదమూడు పెట్టాడు. తన లాప్‌టాప్‌లో సిగ్నల్ నిండుగా కనిపించింది. ఆ సంతోషంలో ఒక విజిల్ కూడా వేశాడు.

అయిదు దాటాక ఫోన్ మోగింది. “ఫాల్కన్ పెరేడ్ గ్రౌండ్స్ దాటాడు.”

సూరి పేరు మార్చాడు. ‘దేవకృప ట్యూషన్స్’. తన లాప్‌టాప్‌లో వెంటనే మారింది. గేటు వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

పెన్నులో దాచిన దుర్భిణి కంటికి పెట్టుకున్నాడు. విల్లా మేడమీద కిటికీలో భానుప్రియ. లాప్‌టాప్ వంకే చూస్తోంది. జుట్టు వెనక్కి తోసుకుని తాపీగా టైప్ చేసుకుంటోంది.

చూస్తోంది. అయినా కదలడం లేదు.

సూరి బుర్రలో పురుగు తొలిచింది. ‘నేను రమ్మంటే రాదన్నమాట. ఆ నతానియేల్ పిలిస్తే ఈపాటికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేది.’ ప్రాణాపాయంలో ఉన్న మనిషి గురించి ఇలా అనుకోవడం నీచమని అతనికి తెలుసు. అయినా అనుకున్నాడు.

రూటర్ ఆపి మళ్ళీ వేశాడు. యాంటెన్నా తిప్పాడు. కిటికీ గట్టు మీదికి జరిపాడు. ఊహూఁ. నతానియేల్ వద్దన్నా, పాత సెట్టింగ్స్‌తో పేరు బాగానే కనిపించేదిగా అని ఆ ఫైలు తీసి లోడ్ చేశాడు.

అంతే. సెట్టింగ్స్ పేజీ తెల్లగా మారి బిగుసుకుపోయింది. పవర్ లైటు మిణుకు మిణుకుమంది.

వీధి మొదట్లో నల్లటి కారు మలుపు తిరిగింది.

సూరి ఫోన్ తీశాడు. నతానియేల్ నంబరు నొక్కడానికి అతనికి ఎంత కష్టమయిందో ఆ పైవాడికే తెలియాలి. కానీ కిటికీలో భానుప్రియ ఉంది. నొక్కాడు.

“తమ్ముడూ, ఏటయిందో తెలీటం లేదు! పేరు మార్చినా ఆవిడ కదల్లేదు!”

నేరేడ్‌మెట్ కంట్రోల్ రూమ్ నుంచి నతానియేల్ గొంతు. “ఛానెల్ ఎంత పెట్టినవ్?”

“...పదమూడు.”

“అన్నా, ఆ లాప్‌టాప్ అమెరికాల కొన్నది. దానికి పదకొండు దాటితే కనవడదు. నువ్వు మార్చిన పేరు ఆమె జూడనే లేదు.”

సూరి బిగుసుకుపోయిన పేజీ వంక చూశాడు. “ఇప్పుడు మారుద్దామంటే పేజీ తెరుచుకోవట్లేదు. పాత ఫైలు లోడ్ చేశాను.”

“అబ్బా! వద్దన్న గదా! సరే, పరేషాన్ గాకు. వెనక రీసెట్ రంధ్రం ఉంటది. పిన్నుతోని నొక్కి పట్టు. నేను చెప్పేదాక చెయ్యి తియ్యకు.”

“అప్పుడు పేర్లు కూడా పోతాయిగా!”

“పోనియ్యి. నొక్కు ముందు!”

పిన్ను! సూరి గదంతా గాలించాడు. మైక్రో కెమెరా ఉంది, విషం పూసిన ఉంగరం ఉంది. పిన్ను లేదు. అంతలో దేవకృప టీచరమ్మ ప్లేటులో కేకు ముక్కతో గుమ్మంలో నిలబడింది.

“ఏం బాబూ, ఇట్లా చెమటలు పట్టాయి? జ్వరమా? ప్రార్థన చెయ్యనా?”

“చెయ్యండమ్మా. ముందు ఒక పిన్ను ఇవ్వండి!”

ఆవిడ పైట భుజం మీద నుంచి పిన్ను తీసి ఇచ్చింది. అతని మీసం ఒకవైపు ఊడి వేలాడుతుండటం చూసింది. ఏమీ అనకుండా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

సూరి నొక్కి పట్టాడు. వీధిలో కారు గుంత ముందు ఆగింది. తెల్ల సూటువాడు దిగి డ్రైవర్ని తిట్టి, విల్లా వైపు నడక సాగించాడు.

“తియ్యొచ్చా?”

“ఆగు.”

“అతను నడిచి వస్తున్నాడు!”

“ఆగన్నా... ఇగ తియ్యి.”

లైట్లన్నీ ఆరిపోయాయి. ఒకటి వెలిగింది. రెండోది వెలిగింది. సూరి తన లాప్‌టాప్‌లో లిస్టు తెరిచాడు. ఆరో ఛానెల్ మీద కొత్త పేరు ప్రత్యక్షమైంది.

‘సూరి’.

అతను కళ్ళు నులుముకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, అతని పేరే.

కిటికీలో భానుప్రియ టక్కున లాప్‌టాప్ మూసింది. మరుక్షణం కుర్చీ ఖాళీ.

గేటు తెరుచుకుంది. ఒక స్కూటీ బయటికొచ్చింది. నగరంలో ఎండకీ దుమ్ముకీ భయపడే ప్రతి అమ్మాయిలాగే, ఆమె కూడా మొహం చుట్టూ చున్నీ బిగించి కట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. గుంత పక్కన ఇరుకు దారిలో ఎదురుగా ఫాల్కన్. స్కూటీ హారన్ కొట్టింది. ఫాల్కన్ మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. అసలు డిజైన్ అతని మోచేతిని రాసుకుంటూ వెళ్ళిపోయింది.

అతను విల్లా గేటు మీద చెయ్యి వేసేసరికి కేబుల్ కూలీలు పలుగులు పడేసి తుపాకులు తీశారు. గేటు అవతలా ఇవతలా ఒకేసారి చేతులు పైకి లేచాయి.

“ఆమెన్,” అంది టీచరమ్మ.

సూరి మంచం మీద కూలబడి ఫోన్ చెవికి ఆనించాడు. “తమ్ముడూ, ఆ పేరేటి?”

“డీఫాల్ట్ పేరు. నేనే ఫర్మ్‌వేర్‌ల పెట్టిన. అంతా ఫెయిలయితే, రూటర్ మొదటికొస్తే, అప్పుడు సుత ఆమెకు బయటికి రమ్మనే మాట కనవడాలె గదా,” అన్నాడు నతానియేల్. “ఇరవై పేర్ల మధ్యల నీ కండ్లకు ముందుగాల ఏ పేరు ఆనుతదని ఇరానీ హోటల్ల ఆమెనే అడిగిన. నవ్వింది. నవ్వి నీ పేరు చెప్పింది.”

సూరి వేలాడుతున్న మీసం పీకేసుకున్నాడు.

“నా పేరు చెప్తదేమో అనుకున్న అన్నా. నా పేరుకు బదులు గా నీ నాలుగక్షరాలు టైప్ చేసేటప్పుడు నాకెట్ల మండిందో నీకేం తెల్సు.”

“నన్ను క్షమించు తమ్ముడూ,” అన్నాడు సూరి. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. వారం రోజులుగా గుండెలో తిష్ట వేసిన నిప్పు ఒక్కసారిగా చల్లారింది. మర్నాడు కొత్త చొక్కా వేసుకుని మెట్టుగూడ వెళ్ళాడు.

గదిలో భానుప్రియ ఉంది. అతన్ని చూసి నవ్వింది. అదే నవ్వు. సూరి కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది.

“ముఠాలో మిగిలినవాళ్ళు దుబాయ్‌లో ఉన్నారు,” అంది సత్యవేణి. “కొత్తగా పెళ్ళయిన జంటగా ఇద్దరు వెళ్ళాలి. హనీమూన్ కవర్. భార్య భానుప్రియ.”

“నేను రెడీ మేడమ్!”

“భర్త నతానియేల్.”

సూరిలో చల్లారిన నిప్పు మళ్ళీ భగ్గుమంది. నతానియేల్ తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు. వాడి పెదవులు వణుకుతున్నది నవ్వు ఆపుకోలేకే.

“నేనెందుకు కాదు మేడమ్?”

“నీ పాస్‌పోర్ట్ అప్లికేషన్ తిరిగొచ్చింది సూరీ. వెరిఫికేషన్‌కి పోలీసులు మూడుసార్లు వచ్చారట, ప్రతిసారీ కొత్త మీసంతో కొత్త మనిషి తలుపు తీశాడట,” అంది సత్యవేణి, టీ ఊదుకుంటూ. “ఆ అడ్రసులో సూరి అనే మనిషే లేడని రాసి వెళ్ళారు.”