ముడి వెయ్యని దారం

ఉదయం పదకొండు గంటలకి, సూదిలోకి దారం ఎక్కిస్తుండగా, రఫూ తాతని కాల్చేశారు.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళజోడు లేకుండా ఒక్క ఊపులో దారం ఎక్కిస్తాడని పేరు. తూటా తగిలాక కూడా ఎక్కించాడనీ, ఆ తర్వాతే పడిపోయాడనీ చూసినవాళ్ళు చెబుతారు. నమ్మితే నమ్మండి, లేకపోతే తర్వాతి వాక్యానికి వెళ్ళండి. పరిగెత్తుకొచ్చిన గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి చెవిలో ఒకే ఒక్క మాట చెప్పి కన్ను మూశాడు.

"ముడి వెయ్యలేదు."

డీకోడింగ్ సెక్షన్ ఆ రెండు ముక్కల మీద రెండు రోజులు కూర్చుని పద్నాలుగు పేజీల రిపోర్టు రాసింది. ముడి అంటే ముడిచమురు అని ఒకరు, కాదు కనుబొమల ముడి అని మరొకరు. చివరి పేజీలో ఇద్దరూ కలిసి 'ఇంకా పరిశీలించాలి' అని సంతకం పెట్టారు.

మూడో రోజు పొద్దున్నే ఏజెంటుకి పిలుపు వచ్చింది. కోడ్ నేమ్ పిడుగు. ఆ పేరు పెట్టినవాడు ఇతన్ని చూడకుండా పెట్టాడు. సన్నగా, వంగిపోయి, వర్షంలో తడిసిన గొడుగులా ఉంటాడు. ఏడు మిషన్లకి వెళ్ళాడు, ఏడూ పోయాయి.

"కూర్చో," అన్నాడు బాస్. పిడుగు కుర్చీ లాక్కునేలోపే, "లే. కూర్చునే టైం లేదు. మన ఆఫీసులోంచి ఒక లిస్టు పోయింది. అవతలి దేశంలో మారుపేర్లతో ఉన్న మనవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ అసలు పేర్లు."

"అమ్మిందెవరు సార్?"

"అమ్మినవాణ్ణి కొన్నవాళ్ళే లేపేశారు. కాగితం కాల్చేశారు. ఇప్పుడా పేర్లున్నది ఒకేచోట. గోడ మీద."

ఊరి చివర గుట్ట మీద ఒక ఓడల యజమాని కొత్త ఇల్లు కట్టాడు. ఇల్లు కొత్తది కాబట్టి లోపలిదంతా పాతదై ఉండాలని ముచ్చటపడ్డాడు. గోడకో టేపెస్ట్రీ చొప్పున, మూడు వందల ఏళ్ళనాటి నేతబొమ్మల తెరలు పందొమ్మిది తెప్పించాడు. వాటి చిరుగులు బాగుచెయ్యడానికి రఫూ తాతని పెట్టుకున్నాడు. శత్రువుల ముఠా తాత మెడ మీద కత్తి పెట్టి, రఫూ కుట్టులోనే పేర్లు కుట్టించింది. మన చెక్‌పోస్టుల్లో కాగితాలు చూస్తారు, ఫోన్లు చూస్తారు, పళ్ళు కూడా ఊపి చూస్తారు. పాత గుడ్డని ఎవరు చూస్తారు?

"ఇవాళ నాలుగింటికి అందులో ఒక తెర అవతలి దేశం కాన్సల్‌కి కానుకగా వెళ్తోంది," అన్నాడు బాస్. "డిప్లొమాటిక్ సీలున్న వ్యాను. మనం ముట్టుకోకూడదు. ఏ తెరో మనకి తెలీదు."

"ఇల్లు రెయిడ్ చేద్దాం సార్."

"ఆ యజమాని ఎవరి వియ్యంకుడో తెలుసా?"

"తెలీదు సార్."

"తెలుసుకోకు, నిద్ర పట్టదు. రఫూ మనిషి వేషంలో వెళ్ళు. అక్కడ డెకరేటర్ ఒకావిడ ఉంది. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఏ పూట ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి."

"నన్నే ఎందుకు పంపిస్తున్నారు సార్?"

"మిగతావాళ్ళు సెలవు పెట్టారు." బాస్ కళ్ళు దించుకున్నాడు. "నువ్వు గెలుస్తావని కాదయ్యా. ఎవరో ఒకరు వెళ్ళారని ఫైల్లో ఉండాలి. ఇంకోటి. లిస్టులో మొదటి పేరు మీ బావమరిదిది."

తన తమ్ముడు విదేశంలో హోటల్ లెక్కలు రాసుకుంటున్నాడని పిడుగు భార్య నమ్మకం. ఆ తమ్ముడు పెళ్ళిపీటల దగ్గర మొదలుపెట్టి, కనిపించినప్పుడల్లా ఒకటే పాట: "మా బావకి చేతులెత్తెయ్యడం తప్ప ఇంకేం రాదక్కా!" భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు సాయంత్రం నాలుగు తర్వాత ఉంటుందో ఉండదో.

మధ్యాహ్నం రఫూ తాత ఇంటికి వెళ్ళాడు. అవ్వ వంటింట్లో ఉన్ని దారానికి రంగు కాస్తోంది. మనిషి పోయి మూడు రోజులైనా పొయ్యి ఆర్పలేదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నదేనట.

"అవ్వా, తాత కుట్టిన చోటు ఎలా కనిపెట్టాలి?"

"కనిపెడితే అది రఫూ ఎందుకవుతుంది నాయనా? బొంత అవుతుంది." గరిటెతో దారం తిప్పింది. "ఎదురుగా చూస్తే నీ తరం కాదు. వెనక్కి తిప్పి చూడు. ఎండకి ముందువైపు వెలిసిపోతుంది, వెనకవైపు పెళ్ళికూతురిలా ఉంటుంది. ఆయన వెలిసిన రంగుకి సరిపోయేట్టు దారం వేస్తాడు. అంచేత వెనక చూస్తే కొత్త కుట్టే మాసినట్టుంటుంది."

"పోయేముందు 'ముడి వెయ్యలేదు' అన్నాడు."

అవ్వ గరిటె ఆగింది. "ఆయనా? ముడి వెయ్యందే అన్నానికి లేవని మనిషి! అదేం పొయ్యేకాలమో, ఆ వేళ దారానికి మైనం కూడా రెండుసార్లు రుద్దించాడు నాచేత. ఒక్కసారి చాలదూ అంటే, నోర్మూసుకో అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే చూడు."

రెండింటికి పిడుగు గుట్ట మీది ఇంట్లో ఉన్నాడు. టెక్నికల్ సెక్షన్ ఇచ్చిన సామగ్రి సంచిలో ఉంది: దారం ఉండలో దాచిన యూవీ టార్చి, కెమెరా కత్తెర, రేడియో బొత్తాం. బొత్తాం దారిలోనే ఊడి కాలవలో పడింది.

డెకరేటర్ మెట్లు దిగుతూ వచ్చింది. ఆకుపచ్చ పట్టు గౌను, ముత్యాలు, చేతిలో కొలత టేపు. ఆవిడ నడుస్తుంటే తెరల మీద మూడు వందల ఏళ్ళుగా జింక వైపు చూస్తున్న వేటగాళ్ళు కూడా తల తిప్పారంటారు.

"గోడకి చెమ్మ వచ్చిందా మేడమ్?" అన్నాడు పిడుగు కోడ్ ప్రకారం.

"ఆ కోడ్ పోయిన నెలే మార్చారు," అంది ఆవిడ. "మీవాళ్ళు నీకు చెప్పలేదా? పాపం. పని చూసుకో."

అయిదు నిమిషాల్లో వేషం పోయింది. మిగిలింది పనే.

టార్చి వేస్తే పందొమ్మిది తెరలూ ఒకే ఊదారంగులో మెరిశాయి. దాన్ని సంచిలో పడేసి, ఒక్కొక్క తెర వెనక లైనింగ్ గుడ్డ కుట్టు విప్పి చూడటం మొదలెట్టాడు. ద్రాక్షతోట తెర, లేదు. పెళ్ళి ఊరేగింపు, లేదు. ఓడల యుద్ధంలో మాసిన కుట్టు దొరికింది కానీ అది చేప కన్ను. మూడున్నరకి పద్దెనిమిది అయ్యాయి.

హాల్లో ఆఖరి గోడకి వేట తెర ఉంది. లైనింగ్ విప్పి, అంచు పట్టుకుని తిప్పాడు. వెనక అడవి నిన్న నేసినట్టు పచ్చగా ఉంది. ఆ పచ్చలో మాసిన దారంతో పదకొండు వరసలు. అన్నిటికన్నా పైన బావమరిది పేరు, ఒత్తు కూడా తప్పు పోకుండా. అన్నిటికన్నా కింద, ఆఖరి అక్షరం దగ్గర, దారం కొస ఒకటి ఊరికే వేలాడుతోంది. కత్తెర కోసం వెతుకుతూ ఆ కొస పట్టుకున్నాడు.

మెడ మీద చల్లగా తగిలింది.

"చేతులు పైకి," అంది డెకరేటర్.

ఎనిమిదో మిషన్ కూడా పోయింది. పిడుగు చేతులు ఎత్తాడు. ఎత్తుతుంటే వేళ్ళ మధ్య పట్టిన దారం తెరలోంచి సర్రున జారింది, వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు. ఓరకంట చూశాడు. పదకొండో పేరు లేదు.

ముడి వెయ్యలేదు! కత్తి మెడ మీద ఉండగా ముసలాయన అన్ని పేర్లూ ఒకే దారంతో, రెండు కొసలకీ ముడి లేకుండా, మైనం పట్టించి మరీ కుట్టాడు.

"వ్యాను వెళ్ళేదాకా కాల్చి చప్పుడు చెయ్యను," అంది ఆవిడ పక్కకి జరిగి. "చేతులు దించకుండా వెనక్కి నడు. గోడ దాకా."

"మీ ఇష్టం మేడమ్."

అడుగుకో పేరు. మాసిన దారం మాసిన తివాచీ మీద ఆనవాలు లేకుండా సాగింది. నాలుగు. ఆరు. ఇంత విధేయంగా నడిచిన ఖైదీని ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. తొమ్మిదో అడుగుకి వీపు గోడకి తగిలింది.

ఇంకా ఒక్క పేరుంది. మొదటిది.

"ఇంకొంచెం వెనక్కి వెళ్ళమంటారా?" అన్నాడు పిడుగు.

"గోడలోకా? మతి పోయిందా నీకు?"

గడియారం నాలుగు కొట్టడం మొదలెట్టింది. కూలీలు నలుగురు వచ్చారు. పిడుగు కళ్ళు మూసుకున్నాడు. ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలో మాటలు వెతుక్కున్నాడు.

"మడత పెట్టకండి, చుట్టకండి!" డెకరేటర్ కసిరింది. "మూడు వందల ఏళ్ళది. లైనింగ్ అక్కడ కుట్టుకుంటారు. కర్రతో సహా నిలువుగానే మొయ్యండి."

కూలీలు తెరని ఎత్తి అవతలి గుమ్మం వైపు కదిలారు. దారం బిగుసుకుంది. పిడుగు చూపుడు వేలు కోసుకుని నెత్తురు మోచేతి దాకా కారింది. వేట తెర గుమ్మం దాటింది. నాలుగో గంట మోగింది. దారం వదులైంది.

వ్యాను వెళ్ళిన చప్పుడయ్యాక ఆవిడ దగ్గరికొచ్చి అతని పిడికిలి చూసింది. గదంతా పరుచుకున్న దారం చూసింది. తను పిస్తోలు పట్టి నడిపించిన తొమ్మిది అడుగులూ మనసులో లెక్కపెట్టుకుంది. ముఖం మీది రంగు తెరలాగే వెలిసింది.

"వెనక్కి నడవమన్నది నేనని మావాళ్ళకి తెలిస్తే..."

"నేను చెప్పను మేడమ్. నాలుగు దాటింది కదా, ఈ పూట ఎవరి మనిషి మీరు?"

ఆవిడ పిస్తోలు సంచిలో వేసుకుంది. "ఈ పూట ఎవరి మనిషినీ కాను. పో."

"తాతని..."

"నేను కాదు," అంది. గుమ్మం దాకా వెళ్ళి, "ఆపలేదు కూడా," అంది.

దారం తీసుకెళ్ళి అవ్వకిచ్చాడు. అవ్వ పొయ్యి వెలుగులో పట్టి చూసింది. "రంగు బాగా కలిపాడు ముసలాడు," అంది. కొస వెతికి ముడి వేసి, ఉండ చుట్టి, మిగతా ఉండల పక్కన పెట్టింది. పిడుగుకి అక్కడ కూర్చోవడానికీ లేవడానికీ కారణం దొరకలేదు.

అవతలి దేశంలో ఏడుగురు నిపుణులు భూతద్దాలతో ఆ తెరని వారం వెతికి, 'పురుగు కొట్టింది' అని రాసుకున్నారట. బావమరిది అక్కడ హాయిగా హోటల్ లెక్కలు రాసుకుంటున్నాడు. మన ఆఫీసులో మాత్రం రేపు ఇంకొకడు ఇంకో లిస్టు అమ్మడని ఎవరూ అనలేరు. తాతలాంటి వాడు ఇంకొకడు లేడని మాత్రం అందరూ అనగలరు.

బాస్ ఫైలు తెరిచాడు. "తెర దేశం దాటింది. పేర్ల సంగతి ఫైల్లో రాయకూడదు, సీక్రెట్. కాబట్టి మిషన్ ఫెయిల్. ఏజెంట్ తీసుకున్న చర్య ఏమిటని కాలమ్ ఉంది. ఏం రాయమంటావు?"

పిడుగు కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు.

"చేతులెత్తేశానని రాయండి సార్."

బాస్ రాశాడు. పక్కనే 'యథాప్రకారం' అని కూడా చేర్చాడు.