లాభం, రెండు, మూడు

“సోనా మసూరి కొత్తదా, పాతదా?”

“పాతదే సార్. అన్నం పొడిపొడిగా వస్తుంది.”

కోడ్ సరిపోయింది. కౌంటర్ వెనకాయన పక్కకు జరిగాడు. ఇర్వింగ్‌లోని ఆ ఇండియన్ గ్రోసరీ వెనక గదిలో, బియ్యం బస్తాల మధ్య మడతకుర్చీ వేసుకుని గూఢచారి విభాగం డైరెక్టర్ పద్మనాభం ఎదురుచూస్తున్నాడు.

“కూర్చో చక్రధర్. ఈ రోజు మార్చి నాలుగు, 2008. పార్టీ తరఫున ప్రెసిడెంట్ పదవికి ఎవరు నిలబడాలన్నది టెక్సస్ చేతిలో ఉంది. ఇద్దరు అభ్యర్థులూ నువ్వా నేనా అన్నట్టున్నారు. ఇక్కడి పద్ధతి తెలుసుగా?”

“పగలు ఓటు. పోలింగ్ మూసేశాక అదే చోటికి మళ్లీ వచ్చి, ఎవరి వైపో రాసి సంతకం. అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లలో మూడో వంతు మంది ఆ సంతకాల లెక్క మీదే వస్తారు.”

“ఆ సంతకాల మీదే ఆర్కిడ్ ముఠా కన్నుపడింది. ఎవరు గెలిచినా ఆ విదేశీయులకు ఒకటే. ఎవరు గెలిచారో తేలకపోతే చాలు, మిగతా పని కోర్టులు చేస్తాయి. నలభై చోట్ల ఏదో తలపెట్టారు. ఏమిటో తెలియదు. ఈ పక్క ఊరు కాపెల్‌లో ఉన్న వాళ్ల మనిషి మాత్రం ఆడది.”

పద్మనాభం కోక్ గ్లాసు ముందుకు తోశాడు. అందులో ఐసు చిటుక్కున చిట్లింది. చక్రధర్ చెయ్యి వెనక్కి వచ్చేసింది.

“ఇంకా వదల్లేదా అది?” అన్నాడు పద్మనాభం మెల్లగా.

చక్రధర్ గ్లాసు పక్కకు జరిపాడు.

నాలుగేళ్ల కిందట, ఉత్తరాన నోవై అనే ఊరి దగ్గర గడ్డకట్టిన ఒక సరస్సు. ఆర్కిడ్ నుంచి కాజేసిన సిరా ఫార్ములాతో అతని సహచరి విజయశ్రీ అవతలి ఒడ్డు నుంచి నడిచి వస్తోంది. రాసిన తొంభై నిమిషాలకు మాయమై, ఆ తర్వాత ఏ లాబ్‌కీ చిక్కని సిరా అది. మంచు గట్టిగానే ఉంది, నడువు అని రేడియోలో చెప్పింది చక్రధరే. ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. వాళ్ల తాత తాడేపల్లిగూడెంలో ధాన్యం కొలిచేవాడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆమె ఏది లెక్కపెట్టినా అలాగే మొదలుపెట్టేది. లాభం, రెండు, మూడు... నలభై మూడు దాకా వినిపించింది. ఆ తర్వాత మంచు చిట్లిన చప్పుడు.

శవం దొరకలేదు. లెక్క మాత్రం చక్రధర్ చెవిలో ఉండిపోయింది. లిఫ్ట్‌లో, రెడ్ లైట్ దగ్గర, ఎక్కడ కాస్త నిశ్శబ్దం దొరికితే అక్కడ మొదలయ్యేది. ఎప్పుడూ నలభై మూడు దగ్గరే ఆగేది. తర్వాతి అంకె తనే అనేస్తే పీడ పోతుందని ఎన్నోసార్లు నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు.

సాయంత్రం ఏడింటికి నెరిసిన విగ్గు, దళసరి కళ్లద్దాలు, అబ్జర్వర్ బ్యాడ్జీతో కాపెల్‌లో ఒక స్కూల్ కెఫెటేరియాలో అడుగుపెట్టాడు. కళ్లద్దాల కాడలో రేడియో ఉంది. ఏడుంబావుకి సంతకాలు మొదలయ్యాయి. సభ నడిపే గిరిజ చేతిలో కాగితాల కట్ట. ఆమె వెనకే ఇండియా నుంచి వచ్చిన మామగారు బ్రహ్మయ్య.

“పొద్దున ఓటేశావు, మళ్లీ ఇప్పుడు సంతకమా? మీ పార్టీకి నీ మీద అంత అనుమానమేంటమ్మా?”

“మీరు విజిటర్ మామయ్యగారూ. ఆ లైన్ దాటకండి, ప్లీజ్. నా పరువు తీయకండి.”

జనానికి పెన్నులు అందిస్తున్నది మిస్ డెలానీ అనే వాలంటీర్. ఎర్రజుట్టు, ఆకుపచ్చ కళ్లు, పట్టు స్కార్ఫ్. ఆమె నవ్వితే మగవాళ్లు ఏ అభ్యర్థి పేరు రాయడానికి వచ్చారో మరచిపోతున్నారు.

చక్రధర్ సంచులు చూశాడు, కవర్లు చూశాడు. ఏమీ లేదు. ఎనిమిదిన్నర అయింది, హాలు పల్చబడింది. ఆ నిశ్శబ్దంలో లెక్క మొదలైంది.

లాభం, రెండు, మూడు...

వచ్చిందిరా అనుకుని కళ్లు మూసుకున్నాడు. నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడు. ఆగడం కోసం ఊపిరి బిగబట్టాడు.

“నలభై నాలుగు.”

అది అతని చెవిలోంచి రాలేదు. వెనకనుంచి వచ్చింది. తిరిగి చూశాడు. డెలానీ పెన్నులు డబ్బాలో వేసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి.

ఆమె బతికే ఉంది. ఆ ఆలోచన పూర్తికాకముందే ఇంకోటి తట్టింది: ఈ దేశంలో ఊరికే పంచిన పెన్నుల్ని లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకునేవాళ్లెవరు?

గబగబా బల్ల దగ్గరికి వెళ్లాడు. మొదటి కాగితం మీద పై సంతకాలు పల్చటి టీ రంగుకు తిరిగాయి. అవి ఫెల్ట్ పెన్నులు. కాగితం మీద నొక్కు కూడా పడదు.

“విజయా.”

ఆమె ఉలిక్కిపడలేదు. “విగ్గు మార్చావుగానీ నడక మార్చుకోలేదు చక్రీ. గుమ్మంలోనే పట్టేశాను.”

“ఆ రోజు మంచు మీద...”

“అడుగుతావని తెలుసు. అందుకే రాసిపెట్టాను. నీ కార్ వైపర్ కింద ఉంది. నువ్వు చెప్పింది తప్పో ఒప్పో, ఆ మంచు ఎలా పగిలిందో, నేనెందుకిలా అయ్యానో, అంతా.” చేతిలో పెన్ను ఆడించింది. “ఏడుంబావుకి రాశాను. దీంతోనే.”

గోడగడియారం ఎనిమిదీ ముప్ఫై ఆరు చూపిస్తోంది. ఇంకా తొమ్మిది నిమిషాలు. రెండు కాగితాలకూ ఒకటే ఆయుష్షు.

“వెళ్లి చదువుకో,” అంది. ఆ గొంతులో జాలి ఉంది. అన్నిటికన్నా అదే భరించలేకపోయాడు. “నాలుగేళ్లుగా నీకు కావలసింది అదేగా?”

అతని కాళ్లు తలుపు వైపు కదిలాయి. లాభం. రెండు.

మూడో అడుగు పడలేదు. వెనక్కి తిరిగాడు.

“గిరిజగారూ! ఆఫీస్ రూమ్ తాళం! జిరాక్స్ తీయాలి!”

“రేపు తీస్తాంలెండి. కవర్ సీల్ చేసేస్తున్నా...”

“రేపటికి మీ దగ్గర తెల్లకాగితాలే ఉంటాయి. మీ సంతకం చూసుకోండి!”

గిరిజ చూసింది. తన పేరు సగమే ఉంది. తాళాలగుత్తి లాక్కుని పరిగెత్తింది. డెలానీ ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ గమనించలేదు.

మెషీన్ తెర మీద అక్షరాలు వెలిగాయి: ప్లీజ్ వెయిట్, వార్మింగ్ అప్.

“సార్, పెన్నులు!” రేడియోలో అరిచాడు చక్రధర్. “నలభై చోట్లా వెంటనే కాపీలు తీయించండి! ఇంకా సంతకాలు అవుతున్న చోట పెన్నులు మార్పించండి!”

ఎనిమిదీ నలభై. నలభై రెండు. మెషీన్ మూలుగుతోందే తప్ప కదలడం లేదు.

“తప్పుకోండి,” అని బ్రహ్మయ్య గీత దాటి వచ్చాడు. దాని డొక్కలో ఒక్కటిచ్చాడు. “మా తాలూకాఫీసు మెషీనూ ఇంతే. గౌరవిస్తే పనిచేయదు.”

మెషీన్ మేలుకుంది. చక్రధర్ మొదటి కాగితం పెట్టి మూత వేశాడు. పచ్చటి వెలుగు పాకింది. మూత తీసేసరికి అసలు కాగితం మీద మొదటి పేరు లేదు. కాపీ మీద మాత్రం బూడిదరంగులో నిలిచి ఉంది. ఇది అసలుకు నకలేనని గిరిజ తన బాల్‌పాయింట్‌తో దాని కింద సంతకం గీకింది.

“మిగతావి మీరు కానివ్వండి!” అంటూ బయటికి పరిగెత్తాడు.

పార్కింగ్ లాట్ చివర కార్. వైపర్ కింద మడిచిన కాగితం. విప్పి దీపస్తంభం కిందికి పట్టాడు. ‘చక్రీ, మంచు’ అని రెండు మాటలు కనిపించాయి. తర్వాత ‘చక్రీ’ ఒక్కటే. ఆ తర్వాత అదీ పోయింది. కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. చెవిలో లెక్క లేదు. ఆ చోటు ఖాళీగా, ఎవరో ఇప్పుడే ఇల్లు వదిలివెళ్లినట్టుగా ఉంది.

“శభాష్!” కాసేపటికి రేడియోలో పద్మనాభం గొంతు గరగరమంది. “నలభై చోట్లా గండం గడిచింది. మరి ఆ మనిషి?”

“వెళ్లిపోయింది సార్.”

“సాక్ష్యమేమైనా వదిలిందా?”

“వాంగ్మూలం సార్. చాలా వివరంగా రాసినట్టుంది.”